విడిచిన యినుపదారి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోంటానా, ఐడహో రాష్ట్రముల సరిహద్దున బిట్టర్‌రూట్ అను పర్వతపంక్తి కలదు. ఆ కొండ గర్భమున 8,771 అడుగుల పొడవుగల సొరంగ మొకటి యున్నది. వేసవి దినములలో సంసారులు పిల్లలను వెంటబెట్టుకొని, సైకిళ్లకు దీపములు తగిలించుకొని, ఆ చీకటిలో నీరు కారు గోడలనడుమ నొక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు బోయి, ఆవలి వెలుగు చూచి సంతోషించుచుందురు. సొరంగము దాటినపిమ్మట లోయలమీద నెత్తైన యుక్కు వంతెనలును, మరికొన్ని సొరంగములును వరుసగా వచ్చును. ఇవి విహారముకొరకు కట్టినవి కావు. షికాగో నగరమునుండి పసిఫిక్ సముద్రతీరమునకు బోవు ప్రధాన రైలుమార్గ మిది. విద్యుచ్ఛక్తితో నడచు నింజనులు సరకుబండ్లను లాగుకొని యీ దారిని రేయింబవళ్లు పోవుచుండెడివి. 1980వ సంవత్సరము మార్చి నెలలో కడపటి బండి పోయినది. తరువాత పట్టాలు పీకి యమ్మివేసిరి.

మారుమూల పల్లెకు బోవు చిన్నశాఖను మూసిరన్న నెవ్వరికిని వింతగా దోచదు. మన గోదావరి సీమలోనే కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన శాఖ యొకటి 1940లో యుద్ధమునకు బలియై పోయి, 2004లో గాని మరల రాలేదు. అయితే అది యుద్ధకాలపు మాట. పట్టాలు గైకొన్నది దొరతనము. ఇచ్చట నట్లు కాదు. శాంతికాలమున, సొంతదారుడే, రెండు మహానగరములను గలుపు ప్రధానమార్గమును సుమారు వేయిమైళ్లు విడిచిపెట్టెను. కొండలు దొలిచి, నదులు దాటి, కోట్లు గుమ్మరించి నిర్మించిన దానిని విడుచుట యెట్లు సంభవించెను? లాభము లేదు గనుక విడిచిరని చెప్పుట సులభము. ఈ సమాధాన మబద్ధము కాదు గాని, సగము మాత్రమే నిజమని మేము తలచుచున్నాము. లాభ మేల లేకపోయెను, ఎవరి లెక్కలో లేకపోయెను అని యడిగిననాడు గాని తక్కిన సగము బయటపడదు.

ముందుగా నొక విషయము నొప్పుకొనవలెను. అమెరికాలో నవసరమునకు మించిన రైలుమార్గములు పుట్టినమాట నిజము. 1916లో నా దేశపు మార్గముల పొడవు 2,54,000 మైళ్లు. నేడు సుమారు 1,40,000. షికాగోకును, మిస్సూరి నదీతీరముననున్న ఒమాహాకును నడుమ దూరము ఐదువందల మైళ్లు. ఆ కొంచెము దూరమునకు ఆరు కంపెనీలు ఆరు ప్రధానమార్గములు వేసికొన్నవి. దీనికి కారణము వెఱ్ఱి యొక్కటే కాదు. సరకు బయలుదేరిన చోటినుండి చేరుచోటికి రెండుమూడు కంపెనీల పట్టాలమీదుగా పోయినచో, వచ్చిన కిరాయిని వారందరును పంచుకొనవలెను. ఎవరి పట్టాలపై నెక్కువదూరము పోయిన వారికి ఎక్కువ వాటా. కావున ప్రతి కంపెనీయు సరకును కడదాక తన దారినే తీసికొనిపోవలెనని కోరును. ఇతరుని దయాధర్మమునకు లోబడి సగముదారిలో నప్పగించుట కిష్టపడదు. ఇట్లు ఒకే జత నగరములనడుమ పలుమార్గములు పుట్టెను. వానిలో సరకు దండిగా బోవునది మొదటిది. తక్కినవి రెండవ, మూడవ ప్రధానమార్గములు. ఇవి శాఖలు కావు. పొడవున, కట్టుబడిలో, వ్యయమున మొదటిదానికి దీసిపోవు. మన వ్యాసమునకు విషయ మీ రెండవ మార్గములే.

పైని జెప్పిన సొరంగము షికాగో-మిల్వాకీ-సెయింట్ పాల్ కంపెనీది. దానిని జనులు మిల్వాకీ యని చిన్నపేరుతో పిలిచెడివారు. ఈ కంపెనీ చిరకాలము మధ్యరాష్ట్రములలోనే వ్యాపారము చేసికొనుచు సుఖముగా నుండెను. పడమటి సముద్రమునకు బోవు సరకును సెయింట్ పాల్ వద్ద నితర కంపెనీల కప్పగించి, తన పాలు తాను తీసికొనెడిది. ఉత్తరపు దేశమున నప్పటికే రెండు మార్గములు సముద్రమును జేరియుండెను: 1883లో నార్దరన్ పసిఫిక్, 1893లో గ్రేట్ నార్దరన్. 1901లో జేమ్స్ హిల్ అను రైలుమార్గాధిపతియు, బ్యాంకు యజమానియగు మోర్గనును గలిసి యీ రెండు కంపెనీలచేత షికాగో వరకు బోవు బర్లింగ్టన్ కంపెనీని గొనిపించిరి. ఇక సముద్రమునుండి షికాగోదాక వారికి సొంతదారి యేర్పడినది. మిల్వాకీకి సరకు నందించు నవసరము వారికి లేదు. వాకిలి మూసికొనిపోవుచున్నదని మిల్వాకీ పెద్దలు భయపడిరి. ఆ భయము నిర్హేతుకము కాదు. 1905లో వారు తామును సముద్రమునకు దారి వేయ నిశ్చయించిరి.

మూడేండ్లలో ఐదు పర్వతపంక్తులను దాటి 1909లో పని ముగించుట యింజనీర్ల ప్రజ్ఞకు గొప్ప నిదర్శనము. కాని ధనము సంగతి వేరు. 1905లో వేసిన యంచనా 6 కోట్ల డాలర్లు. తుదకైన ఖర్చు 23 కోట్లకు మించెను. పూర్వము నార్దరన్ పసిఫిక్ కంపెనీకి దొరతనమువారు దారిపొడవున విశాలమైన భూములను దానముగా నిచ్చిరి. కడపట వచ్చినవారికి దానములు లేవు, అంగుళ మంగుళమును గొనుక్కొనవలసివచ్చెను. ముందు వచ్చిన రెండు కంపెనీలును గనులున్నచోట్లను, అడవులున్నచోట్లను, పట్టణములను ఆక్రమించికొనియుండెను. మిల్వాకీకి దక్కినది రెండు కొసలనడుమ చక్కనిదారి. దారిలో సరకు స్వల్పము. అంతలో 1914లో పనామా కాలువ తెరవబడి, తీరమునుండి తీరమునకు బోవు సరకులో కొంత యోడలపాలయ్యెను.

ఐనను కంపెనీవారు ధైర్యము విడువలేదు. కొండలలో బొగ్గుటింజనులు చలికాలమున నడువలేక యిబ్బందిపడుటజూచి, హార్లోటన్ నుండి ఏవరీ వరకు 438 మైళ్లు విద్యుత్తీగలు వేసిరి. మరికొన్ని యేండ్లకు ఒథెల్లోనుండి సముద్రతీరమువైపునకును వేసిరి. రెండును గలిసి 656 మైళ్లు. ఆ కాలమునకిది యద్భుతకార్యము. కొండ దిగుచున్న బండి తన బరువుచేత విద్యుత్తును బుట్టించి తీగలోనికి మరల బంపును; ఎదుట కొండ యెక్కుచున్న బండి దానిని వాడుకొనును. దిగువాడు ఎక్కువానికి చేయూతనిచ్చు నీ యేర్పాటు చూడ ముచ్చటగా నుండును. అయితే రెండు తీగెల నడుమ ఇన్నూరు మైళ్లకు మించిన యెడము పూరింపబడకయే యుండిపోయెను. ఋణముమాత్రము పూర్తిగా నిలిచెను. 1925లో కంపెనీ దివాలా తీసెను. 1935లో మరల తీసెను. రెండవ ప్రపంచయుద్ధము తెచ్చిన సరకుచేత 1945లో తేరుకొనెను. పుట్టుకయందే మోయరాని యప్పు నెత్తినబెట్టుకొన్న సంసారమువలె నా మార్గము తన కష్టార్జితమును వడ్డీకి ధారపోయుచు బ్రదికెను.

ఇప్పుడు రైలుమార్గపు లెక్క యెట్టిదో కొంచెము విచారింతము. బండిచేత లాగబడు సరకునకు దగ్గట్టు పెరుగుచు దగ్గుచు నుండు ఖర్చు కొంత కలదు: ఇంధనము, డ్రైవరు, గార్డుల జీతము మొదలగునవి. ఇది కాక, బండి పోయినను పోకున్నను తప్పని ఖర్చు వేరొకటి కలదు. దినమున కొక్క బండి పోయినను ముప్పది బండ్లు పోయినను స్లీపరు దుంగలు వానకు కుళ్లును, వంతెనకు రంగు వేయవలెను, కొండచరియలనుండి జారిన రాళ్లను దొలగింపవలెను, మంచు త్రోయవలెను. దీనికితోడు కౌంటీలవారు పట్టాలమీదను భూమిమీదను ఆస్తిపన్ను విధింతురు. ఆ పన్నుతో బడులును నడచును. 1956 శాసనముచే దొరతనమువారు 41,000 మైళ్ల రాజమార్గములను వేయ మొదలిడిరి. లారీవాడు ఆ దారిని నడచును గాని, దారికి యజమాని కాడు; దారిమీద నాస్తిపన్ను చెల్లింపడు. రైలుకంపెనీయో తన దారికి తానే యజమాని, తానే కూలి, తానే పన్నుదారు. కావున తప్పనిఖర్చు ఎక్కువ సరకుమీద పంచబడిన మార్గము బ్రదుకును. తక్కువ సరకుమీద పడిన మార్గము క్రుంగును. సరకు రెండుదారుల కిసుమంత చొప్పున బంచుటకన్న, నొక్కదారికే యెత్తిపోయుట కంపెనీకి మేలు.

ఒక గృహోదాహరణము చెప్పిన నీ సంగతి స్పష్టమగును. వేరుపడియున్న యన్నదమ్ములు తిరిగి యేకకుటుంబమైనచో, ఇంటిలో రెండు వంటిండ్లుండును. కొన్నాళ్లు రెండు పొయ్యిలును రాజును. పిమ్మట కట్టెలు దండుగ యనుమాట పుట్టును. ఏ వంటిల్లు మూయుదురు? చిన్నదియో పాతదియో కాదు; పెద్దకోడలిది కానిది. రైలుకంపెనీల విలీనములును ఇట్టివే. ఇద్దరు పోటీదార్లుగా నుండినపుడు రెండు మార్గములును వారివారి ప్రాణములు. ఇద్దరొక్కటియైన మరునాడు వానిలో నొకటి మిగులు. దీనికి శాస్త్రమును సాయపడినది. 1927లో ఒహాయో రాష్ట్రమున న్యూయార్క్ సెంట్రల్ కంపెనీవారు, ఒక గదిలో గూర్చున్న మనుష్యుడే మైళ్లకొలది దూరముననున్న సంకేతస్తంభములను, మళ్లింపుపట్టాలను నడుపు నేర్పాటును మొదటిసారి పెట్టిరి. అది వ్యాపించినకొలది, పూర్వము జంటపట్టాలు మోసిన సరకులో చాలభాగము ఒంటిపట్టాయే మోయగలిగెను. ఇక రెండవ మార్గ మేల యని లెక్కలగుమాస్తా యడుగును. పైగా పట్టాలు పాతయుక్కుగా వెలపలుకును. గజమునకు 132 పౌండ్ల బరువుగల పట్టాలు మైలు పొడవునకు జతకు 4,64,640 పౌండ్లు, అనగా ఇన్నూరు టన్నులకు పైమాట. బ్రదికియుండి పన్ను తెచ్చిపెట్టు మార్గమునకన్న చచ్చి యుక్కునిచ్చు మార్గమే కొందరికి ప్రియమగుట వింతకాదు.

ఇంతవరకు లెక్క న్యాయమైన లెక్కయే. కాని రెండవమార్గము లన్నియు నీ నిశ్చల గణితమువలననే చావలేదు. కొన్ని గొంతునులిమి చంపబడెను. కొన్ని యాకలిచే చంపబడెను.

గొంతు నులుముట కెరీ లాకవన్నా కంపెనీ కథ చాలును. న్యూయార్క్ ప్రాంతమునుండి షికాగోకు బోవు దాని మార్గము పెద్ద పట్టణములను దప్పించి పోవును. దారిలో బుట్టు సరకు తక్కువ గనుక, ఇతరులు అప్పగించిన సరకును ఒక కొసనుండి మరియొక కొసకు మోసి బ్రదికెడిది. న్యూ ఇంగ్లండు రాష్ట్రముల సరకు హడ్సన్ నదిపైని పొకీప్సీ వంతెన దాటి మేబ్రూక్ అనుచోట దానికి జేరెడిది. వంతెనయు, ఆవలి దారియు న్యూ హేవెన్ కంపెనీవి. 1968లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ కంపెనీలు గలిసి పెన్ సెంట్రల్ అను మహాకంపెనీ యేర్పడెను. ఆ యేడు గడచుసరికి దివాలాలోనున్న న్యూ హేవెన్ కూడ దానిలో జేరెను. ఇప్పుడు వాకిలి పోటీదారుని చేతిలో బడినది. తన పట్టాలమీద షికాగోవరకు తీసికొనిపోగల సరకును దారిలో పరులకు బంచి యిచ్చు ధర్మాత్ము డెవడు? మేబ్రూకునకు వచ్చు సరకు సన్నగిల్లెను. 1974 మే నెలలో వంతెనమీద నిప్పంటుకొని దుంగలు కాలిపోయెను. మరమ్మతు చేయించినవారు లేరు. ఎరీ లాకవన్నా 1972లో తుపాను వరదలవలన దివాలాయై యుండెను. 1976లో తూర్పురాష్ట్రముల దివాలాకంపెనీలను జేర్చి దొరతనమువారు కాన్‌రైల్ అను సంస్థను స్థాపించినపుడు, దానికి షికాగో వెళ్లుటకు మంచి మార్గము లదివరకే యుండెను. ఎరీవారి పడమటి మార్గము ఇండియానా రాష్ట్రమునందు చాలవరకు తీసివేయబడెను. ఆ వంతెన 2009నుండి పాదచారులు గాలి పీల్చుకొను విహారస్థలమై యున్నది.

మిల్వాకీ మార్గము చచ్చిన తీరు వేరు, అది యాకలిచావు. 1970లో హిల్ వారసుల చిరకాల వాంఛ నెరవేరి, నార్దరన్ పసిఫిక్, గ్రేట్ నార్దరన్, బర్లింగ్టన్ కంపెనీలు ఒక్కటియై బర్లింగ్టన్ నార్దరన్ ఏర్పడెను. దేశమున రైళ్లపై నధికారముగల అంతర్రాష్ట్ర వాణిజ్య కమీషనువారు, పోటీ బొత్తిగా నశింపకుండుటకై, మిల్వాకీకి పదునొకండు సంగమస్థలములలో సరకు మార్చుకొను హక్కును, పోర్ట్‌లాండు పట్టణమునకు దారిని నిప్పించిరి. వెంటనే ఫలము కనబడెను. సియాటిల్ రేవునుండి తూర్పునకు బోవు నోడపెట్టెల సరకులో పెద్దభాగము మిల్వాకీకి వచ్చెను. రెండవమార్గ మనిపించుకొన్నది మొదటిదానితో భుజము రాచుకొని నిలిచిన దినములవి. చదువరు లీ సంగతిని మనసున నుంచుకొనవలెను. సరకు లేక యీ దారి చావలేదు. సరకు వచ్చుచుండగా మోయలేక చచ్చెను.

ఏలయన నాటికి పట్టాలక్రింది దుంగలు కుళ్లియుండెను. కంపెనీ పెద్దలు చాలకాలమునుండి తామును పెద్దకంపెనీలో గలిసిపోవలెనని కోరుచుండిరి. పెండ్లిచూపులకు సిద్ధమగు నింటిలో గోడలు సున్నము చూచునుగాని పైకప్పు కారుచున్నదో లేదో యెవరు చూతురు? లెక్కలలో లాభము కనబడుటకై మరమ్మతు వాయిదా వేసిరి. సొంత సరకుపెట్టెల నమ్మి వానినే యద్దెకు దెచ్చుకొనిరి. దుంగ కుళ్లినచోట బండి మెల్లగా పోవలెనని యుత్తరువు వచ్చును. అట్టి యుత్తరువులు పదియై, వందయై, ఒక దినమున జేరవలసిన బండి మూడుదినములకు జేరును. వర్తకుడు రెండుమారు లోర్చును. మూడవమారు సరకును పోటీదారున కప్పగించును. రాబడి తగ్గును, తగ్గిన రాబడితో మరమ్మతు మరియు తగ్గును. ఈ చక్రమున బడిన మార్గము తనంతట తాను బయటపడుట దుర్లభము. దీనికి మకుటమువంటి దొకటి జరిగెను. రాగితీగెలకు మంచి వెల వచ్చుచున్నదని విద్యుత్తును తీసివేయ నిశ్చయించిరి. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధమువలన చమురువెల నాలుగింతలకు బోవ మొదలిడెను. 1974 జూనులో మిల్వాకీవారు మోంటానా కొండలలో విద్యుత్తు నాపి, బండ్లను డీసెలు చమురునకు మార్చిరి. బుద్ధిః కర్మానుసారిణీ యని పెద్ద లూరక యనలేదు.

1977 డిసెంబరులో కంపెనీ మూడవమారు దివాలాయయ్యెను. న్యాయస్థానమువారు నియమించిన ధర్మకర్త ఋణదాతలకు జవాబుదారి. పడమటిభాగమును ఖండించి తూర్పుభాగమును బ్రదికింపవలెనని యాతడు నిశ్చయించెను. పనివారును, దారిపొడవున సరకు పంపువారును గలిసి, న్యూ మిల్వాకీ లైన్స్ అను పేర మార్గమును తామే తీసికొని నడిపెదమని ముందుకు వచ్చిరి. 1979 నవంబరులో శాసనసభవారు వారి కవకాశమిచ్చుచు నొక చట్టము చేసిరి. కాని కొలది వారములలో లెక్కలు చూపి, ధనము కూర్చి, కమీషనును మెప్పింపవలెను. కమీషనువారు పథకము నిలువదని త్రోసిపుచ్చిరి. మార్చి నెలలో మైల్స్ సిటీకి పడమట బండ్లు నిలిచిపోయెను.

ఇచ్చట మేము లెక్కలనుగూర్చి యొకమాట చెప్పక తీరదు. పడమటిభాగము నష్టమున నున్నదని చూపిన పట్టికలలో కొన్నిఖర్చులు రెండుమారులు పడినవని తరువాతి పరిశోధకులు కొందరు వాదించిరి. దీనియందు భేదాభిప్రాయములు కలవు. తీర్పుచెప్పుటకు మేము చాలము. కాని రెండుమారులు పడినను పడకున్నను, ప్రశ్నయే వంకరగా నుండెనని మాకు దోచుచున్నది. సియాటిల్‌లో నెక్కి షికాగోలో దిగిన పెట్టెకు వచ్చిన కిరాయిలో పడమటి పర్వతములది యెంత, తూర్పు మైదానములది యెంత? ఏనుగును నడుమకు గోసి, వెనుకభాగము మేత తినదు గనుక లాభమనియు, ముందుభాగము తినును గనుక నష్టమనియు చెప్పవచ్చునా? పడమర పోగానే తూర్పుభాగమును చిక్కిపోయెను. అదియు స్వతంత్రముగా నిలువక 1985లో సూ లైన్ అను కంపెనీకి అమ్ముడుపోయెను.

దోషమంతయు యజమానులదే యనుట కూడ న్యాయము కాదు. కాపాడవలసిన కమీషను సైతము కొన్ని మార్గములను దన యాలస్యముచేత జంపినది. రాక్ ఐలండ్ కంపెనీ కథ యిందుకు సాక్షి. దానిని యూనియన్ పసిఫిక్‌తో గలుపుటకు 1964లో నర్జీ పెట్టిరి. పోటీకంపెనీ లన్నియు నభ్యంతరములతో దిగెను. సాక్ష్యములు, ప్రతిసాక్ష్యములు, కాగితపు గుట్టలు. పెండ్లి కుదిరినదని రాక్ ఐలండ్‌వారు మరమ్మతు మానివేసిరి. పదియేండ్లకు, 1974లో, షరతులతో ననుమతి వచ్చునప్పటికి వధువు మంచము పట్టియుండెను. వరుడు 1975లో తప్పుకొనెను. ఆ యేడే రాక్ ఐలండ్ దివాలాయై, 1980 మార్చి 31న మూతబడెను. దాని మార్గములలో మంచివానిని ఇతరులు కొనుక్కొనిరి. మెంఫిస్‌నుండి న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారి వరకు బోవు రెండవ ప్రధానమార్గము మాత్రము ముక్కలు చెక్కలై పోయెను. కిరాయిలను స్వేచ్ఛగా నిర్ణయించుకొనుటకును, వర్తకులతో నొడంబడికలు చేసికొనుటకును రైలుకంపెనీలకు వెసులుబాటు గలిగించిన స్టాగర్స్ శాసనము 1980 అక్టోబరులో వచ్చెను. రోగి పోయిన యేడవ నెలలో వైద్యుడు తలుపు తట్టినట్లయినది.

విడిచినతరువాత నెవరి గతి యేమయ్యెను? డియర్ లాడ్జ్, హార్లోటన్, ఏవరీ పట్టణములు రైలుపనివారిచేత నిలిచినవి. కర్మాగారములు మూతబడగా జీతములు పోయినవి. పట్టాలమీది పన్నును బోయినది. అంతకన్న నిశ్శబ్దముగా పడిన దెబ్బ గోధుమరైతులది. మోంటానా విశాలమైన రాష్ట్రము. అచ్చటి ధాన్యము సముద్రమునకు దూరము. రెండుకంపెనీ లున్నపుడు ఒకడు కిరాయి పెంచిన రెండవవానివైపు చూడవచ్చును. రెండవవాడు పోయినపిమ్మట చూచుటకు దిక్కు లేదు. కిరాయిలు మితిమీరినవని రైతులు కొందరు 1980లోనే బర్లింగ్టన్ నార్దరన్‌పై వ్యాజ్యమునకు దిగిరి. మధ్యలో గెలిచినట్లే కనబడి, పదియేడేండ్లు తిరిగి, 1997లో ఓడిపోయిరి. ధర్మకర్త పట్టికలో నీ రైతునకు గడి లేదు. ఋణదాత కున్నది, వాటాదారున కున్నది, పాతయుక్కు వెల కున్నది. రెండవదారి యుండుటవలన మొదటిదారివాడు మర్యాదగా నుండెడివాడను లాభమును ఏ గుమాస్తాయు వ్రాయడు. అది రెండవకంపెనీకి రాబడి కాదు గదా! వ్రాయవలసిన బాధ్యత ప్రజల పక్షమున నిలిచిన కమీషనుది. అదియు ఋణదాతల పట్టికనే ముందు పెట్టుకొని కూర్చుండుట మా కన్నిటికంటె నెక్కువ విచారము గలిగించుచున్నది.

మరియొక చిక్కు భూమిది. రైలుకంపెనీలకు దారియొక్క భూమిలో నెన్నియోచోట్ల పూర్ణస్వామ్యము లేదు. రైలు నడుపుకొను హక్కుమాత్రమే యుండును. రైలు పోగానే హక్కు పోయి, భూమి ప్రక్కరైతులకు జేరును. ఒక్కచోట దారి తెగినను, అందు కోళ్లగూడో కొట్టమో లేచినను, వేయిమైళ్ల మార్గము మార్గము కాకపోవును. దానిని మరల గూర్చుట వేలమందితో బేరము. ఈ యనర్థమును గ్రహించి 1983లో శాసనసభవారు, పట్టాలు తీసినను దారిని బాటసారులకొరకు చెదరనీయక యుంచి, రైలు కవసరమైననాడు తిరిగి తీసికొనవచ్చునని చట్టము చేసిరి. మిల్వాకీకి మూడేండ్లు ఆలస్యము. ఇటీవలి కంపెనీలు కొంత జాగ్రత్త నేర్చినవి. కొలరాడోలో టెన్నెసీ కనుమ మీదుగా బోవు మార్గమును, 1996లో జరిగిన విలీనమువలన మిగులైనదని, యూనియన్ పసిఫిక్‌వారు 1997లో నిలిపివేసిరి. కాని పట్టాలను బీకలేదు. అవి తుప్పుపట్టుచు నున్నవి గాని యున్నవి.

పట్టాలుంచుటవలన నేమి యగునో వాషింగ్టన్ రాష్ట్రపు కాస్కేడు పర్వతములలో చూడవచ్చును. అచ్చట మూడు మార్గములు కొండ దాటెడివి. గ్రేట్ నార్దరన్, నార్దరన్ పసిఫిక్ దారులకు నూరడుగులకు 2.2 అడుగుల యెక్కుడు. కడపట వచ్చిన మిల్వాకీవారిది స్నోక్వాల్మీ కనుమ, ఎక్కుడు మూడింటిలో సులువైనది. సులువైనదే ముందు పోయినది. స్టాంపీడ్ కనుమలోని నార్దరన్ పసిఫిక్ మార్గమును గూడ, ఒకే కంపెనీకి రెండుదారు లేల యని, బర్లింగ్టన్ నార్దరన్‌వారు 1980 తరువాతి దశాబ్దమున మూసివేసిరి. పది పండ్రెండేండ్లు గడచునప్పటికి తీరపు రేవులలో సరకు పెరిగి, ఉన్న యొక్కదారి చాలక, బండ్లు కొండక్రింద గంటలకొలది నిలువవలసివచ్చెను. మూసినదారిని బాగుచేయించి 1996 డిసెంబరులో మరల తెరిచిరి. దాని సొరంగము పాతది; ఎత్తు చాలక రెండంతస్తుల పెట్టెబండ్లు దానిలో దూరవు. ఐనను ఖాళీ ధాన్యపుబండ్లు దానివెంట తూర్పునకు బోవుచున్నవి. అచ్చటికి కొన్నిమైళ్ల దూరముననే స్నోక్వాల్మీ సొరంగము రెండుమైళ్లకు మించిన పొడవున నున్నది. వేసవిలో బాటసారులు దివిటీలు పట్టుకొని దానిగుండ నడతురు. చలికాలమున పైనుండి మంచుపెళ్లలు రాలునను భయముచే నవంబరునుండి మే నెలవరకు దాని తలుపులు మూసియుంచుదురు.